అమ్మ కేసు, నా సంతకం

ఆ ఎండాకాలం మా వాడలో అందరికంటే ఎక్కువ మర్యాద దక్కింది సుగుణమ్మకి. అంతకుముందు ఆరేళ్లుగా ఆమెకూ మా అమ్మకూ కుళాయి దగ్గర పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. బిందె ముందు పెట్టావని ఒకరు, నీళ్ళు ఒలకబోశావని ఒకరు కొంగు బిగించి మొదలుపెడితే కాశిబుగ్గ చౌరస్తా దాకా వినిపించేది. అలాంటిది మార్చి నెలలో ఒక పొద్దున మా అమ్మ తన బిందె పక్కకు జరిపి, "నువ్వు పట్టుకో అక్కా, నాకేం తొందరున్నది" అంది.

సుగుణమ్మ నీళ్ళు పట్టుకోవడం మానేసి మా అమ్మ ముఖంలోకి చూసింది.

"ఏందే మొగిలమ్మా, పానం మంచిగున్నదా?"

ప్రాణం బాగానే ఉంది. గడబిడంతా నా కాగితాల గురించి. హైదరాబాద్ అవతల రక్షణ శాఖ వాళ్ళ సంస్థ ఒకటి ఉంది. పేరు రాస్తే వాళ్ళకు నచ్చదు, కాబట్టి రాయను. అందులో టెక్నీషియన్ ఉద్యోగానికి పరీక్ష రాసి నెగ్గాను. అప్పటికి నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు అనే పేరు పెట్టుకుని, బెంచీలు తుడవడం దాకా అన్ని పనులూ చేస్తున్న దాన్ని. ఇరవై ఏడు నిండాయి. అలాంటి నోటిఫికేషన్ మళ్ళీ ఎప్పుడు పడుతుందో, పడేనాటికి నా వయసు ఒప్పుతుందో లేదో తెలియదు. సెలెక్షన్ అయితే అయింది గానీ ఒక్క గడప మిగిలింది. పోలీసులు విచారణ చేసి, ఈ అమ్మాయి మీద ఏ మచ్చా లేదని రాసివ్వాలి. అది వెళ్తేగాని ఆర్డర్ రాదు.

"ఇల్లిల్లు తిరిగి అడుగుతరట. అందరు మంచిగ చెప్పాలె" అని మా బాపు మార్కెట్లో ఎవరి దగ్గరో విని వచ్చాడు. మా బాపు పేరు యాకయ్య, ఎనుమాముల మార్కెట్ యార్డులో హమాలీ. ఆ రోజు నుంచే అమ్మ వాడలోని సుగుణమ్మలందరినీ మంచి చేసుకునే పనిలో పడింది.

అమ్మ కూడా ఆ యార్డు పనే చేసేది, మిరపకాయల తొడిమెలు తీయడం. ఫిబ్రవరి నుంచి మే దాకా పొద్దంతా మిర్చి కుప్ప ముందు కూర్చుని బొటనవేలి గోటితో తొడిమె గిల్లడమే. ఇంటికొచ్చాక కొబ్బరినూనె రాసుకున్నా చేతుల మంట తగ్గేది కాదు. వేళ్ళ కొనలు నున్నగా అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషన్ మీద అమ్మ ఎన్నిసార్లు వేలు పెట్టినా ఎర్ర లైటే వెలిగేది, బియ్యానికి బాపు పోవాల్సిందే. సెలవు రోజుల్లో నేనూ వస్తానంటే మాత్రం అమ్మ ససేమిరా అనేది. "నీ చేతులు కాయితం పట్టుకునే చేతులు. మిర్చి దిక్కు రాకు" అని కసిరేది.

నాకొచ్చిన ఫారం తీసుకుని హనుమకొండ బస్టాండు దగ్గర రాంప్రసాద్ అన్న ఆన్‌లైన్ సెంటర్‌కు పోయాను. ఈ చుట్టుపక్కల సర్కారు నౌకరి కొట్టినవాళ్ళంతా తన కుర్చీలో కూర్చుని లేచినవాళ్ళేనని రాంప్రసాద్ అన్న నమ్మకం. ఆయన పేజీలు చకచకా తిప్పాడు. ఐదేళ్లుగా ఎక్కడెక్కడ ఉన్నావు, ఎక్కడ చదివావు, బయటి దేశాల్లో చుట్టాలున్నారా, అన్నీ అయ్యాయి. పన్నెండో ప్రశ్నకు వచ్చాక పెన్ను నా చేతికిచ్చాడు.

"గీడ ఒకటే ప్రశ్న, కింద శానా ముక్కలుంటయ్ చెల్లె. అరెస్టయినవా, జైలుకు పోయినవా, కేసులున్నయా, గివ్వే. అన్నిట్ల నో కొట్టుకుంట పో."

కొట్టుకుంటూ పోయాను. ఒక ముక్క దగ్గర పెన్ను ఆగింది. మంచిగా నడుచుకుంటానని నీతో ఎప్పుడైనా బాండు రాయించుకున్నారా అని దాని భావం. ఇంగ్లీషులో ఎలా రాసినా, మా ఊళ్ళలో బడికి పోని పిల్లలకు కూడా తెలిసిన సంగతే అది. బైండోవర్.

"అన్నా, బైండోవర్ అయితే కేసు కిందికి అస్తదా?"

"ఎవల్ని చేసిన్రు?"

"మా అమ్మను. ఎప్పుడో, ఊళ్ళె ఉన్నప్పుడు. గుడుంబ..."

"ఫారంల అడిగింది నిన్నా, మీ అమ్మనా?"

"నన్నే."

"మరి నో కొట్టు. ఎనుక లైన్ల పదిమంది ఉన్నరు."

నో కొట్టాను. ఆ ప్రశ్న కిందే లావు అక్షరాలతో ఒక హెచ్చరిక ఉంది. ఏదైనా దాచినట్టు తేలితే, ఉద్యోగంలో చేరాక అయినా సరే, తీసేస్తామని. అదీ చదివాను. అసలు గుర్తుకే రాలేదని చెప్పుకుంటే నాకే సిగ్గు. ఆ బాండు మీద ఎవరి పేరుందో నా బుర్రలో ఒక మూలకు తెలుసు. నేను ఆ మూలకు చూడలేదు, అంతే.

ఆ మూల ఎక్కడుందో ఇంట్లో అమ్మే చూపించింది. సాయంత్రం అన్నం తింటూ, ఏమేం అడిగారో చెప్పమంది. ఒక్కొక్కటీ తెలుగులో చెబుతూ పోయాను. బైండోవర్ మాట దగ్గర అమ్మ నోటి దాకా వచ్చిన ముద్ద కంచంలో పెట్టేసింది.

"దానికేమని రాసినవే స్రవంతీ?"

"లేదని రాసిన. అది నీ కేసు గదా."

"కేసు నాదే. దస్కతు నీది గాదా బిడ్డా?"

అది 2016 జనవరి మాట, మేడారం జాతరకు నెల ముందు. అప్పుడు మేము నర్సంపేట అవతల మా ఊళ్ళోనే ఉండేవాళ్ళం. బాపు నడుము పట్టేసి ఏడాదిగా మంచం మీదున్నాడు. అమ్మ గుడుంబ, అదే నాటుసారా, కాసి ఇల్లు నడిపేది. ఊళ్ళో ఆ పని చేసేది ఆమె ఒక్కతే కాదు, కానీ ఎక్సైజు వాళ్ళ జీపు వచ్చిన రోజు మా ఇంట్లోనే బెల్లం దొరికింది. అమ్మ చేతులు జోడించి, "గిది సమ్మక్క బంగారం సారు, తల్లికి మొక్కున్నది" అని ఒట్టేసింది. జాతరలో తల్లులకు ఇచ్చే బెల్లాన్ని మా దగ్గర బంగారం అనే అంటారు. ఆ సారు వంగి, బెల్లం నానేసిన గాబులోకి చూసి ముక్కు మూసుకున్నాడు.

"తల్లికి పులవెట్టిన బంగారం ఇస్తవానమ్మా?" అని నవ్వి, మర్నాడు మండల ఆఫీసుకు రమ్మన్నాడు.

అక్కడ నాలుగైదు ఊళ్ళ నుంచి పట్టుకొచ్చిన వాళ్ళు వరండా నిండా ఉన్నారు. గుమాస్తా ముందు అచ్చేసిన ఫారాల కట్ట, పక్కన వేలిముద్రలకు సిరా డబ్బా. మా ముందున్న ముసలామె వేలు ముద్రేసి, సిరా ఎక్కడ తుడవాలో తెలియక గోడకు రాసింది. "సున్నమేసి నెల గాలేదు, సోయున్నదా నీకు" అని బంట్రోతు అందరి ముందూ అరిచాడు. అది చూసి అమ్మకు ఏమనిపించిందో, నా రెక్క పట్టి ముందుకు తోసింది.

"నా బిడ్డ దస్కతు పెడ్తది సారు. డిప్లొమా సదువుతాంది."

ఆధార్ జిరాక్స్ అడిగారు. అమ్మది ఇంట్లో ఉండిపోయింది. బస్ పాస్ కోసం తీయించిన నా ఆధార్ జిరాక్స్ నా సంచిలో ఉంది. ఇచ్చాను. దాని మీదున్న పేరే ఆయన ఫారంలో ఎక్కించాడు. మా ఇంటికి ఏ కాగితం వచ్చినా, గ్యాస్ బుక్కయినా బ్యాంకు ఫారమయినా, సంతకం నాదే కాబట్టి ఇదీ అలాంటిదే అనుకున్నాను. స్రవంతి అనే నేను ఒక సంవత్సరం పాటు సత్ప్రవర్తనతో మెలుగుతానని రాసి ఉన్నచోట, గొప్పకు ఇంగ్లీషులో, కింద గీత కూడా గీసి సంతకం పెట్టాను. గుమాస్తా "మంచిగున్నది" అన్నాడు. దారి పొడుగునా అమ్మ ఆ మాటే చెప్పుకుంది. ఇంటికొచ్చాక గాబు బోర్లించింది. బిడ్డ దస్కతు పెట్టింది, ఇంక కాయకూడదని. మళ్ళీ కాయలేదు కూడా. రెండేళ్ళకు బాపు నడుము బాగై, అందరం వరంగల్ వచ్చేశాం.

ఇదంతా మళ్ళీ అమ్మ నోట విన్నాక నా కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది. బాపు మాత్రం నిమ్మళంగా చెయ్యి కడుక్కున్నాడు.

"ఫికర్ జెయ్యకున్రి. వాళ్ళడిగింది ఐదేండ్ల సంగతి. గీ ఐదేండ్లు మనం కాశిబుగ్గల్నే ఉన్నం. ఊరి దిక్కు ఎవ్వడు పోడు, ఎవ్వనికి యాదుండది."

మాట సబబుగానే ఉంది. నేనూ దాన్నే పట్టుకున్నాను. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో ఒక్కరమూ కుదురుగా కూర్చున్నది లేదు. నేను కాలేజీలో గంటకోసారి మెయిల్ తెరిచి చూసేదాన్ని. మల్టీమీటరు వైర్లు తారుమారు చేసి పిల్లల చేత నవ్వించుకున్నాను. వాడలోకి బైకు వస్తే బాపు తువ్వాల దులిపి భుజాన వేసుకునేవాడు, అది దాటిపోతే మళ్ళీ తీసేవాడు. అమ్మ ఊడ్చిన వాకిలే ఊడ్చేది. వాడవాళ్ళకు పెట్టీ పెట్టీ మామిడికాయ తొక్కు జాడీ ఏప్రిల్‌లోనే సగమైంది.

ఏప్రిల్ రెండో వారంలో బైకు మా వాకిట్లోనే ఆగింది. మఫ్టీలో ఉన్న హెడ్ కానిస్టేబుల్, పేరు సుదర్శన్ అని చెప్పాడు. చంకలో ఫైలు, కళ్ళకు చలువ అద్దాలు. ముందు మా ఇంట్లోకి రాలేదు, ఎదురుగా సుగుణమ్మ గడప దగ్గర నిలబడ్డాడు. మేము ముగ్గురం కిటికీ పక్కన ఊపిరి బిగబట్టి విన్నాం.

"గీ స్రవంతి ఎట్లాంటి పిల్లనమ్మా?"

"పిల్ల బంగారం సారు. తలకాయ దించుకొని పోతది, తలకాయ దించుకొని అస్తది. తల్లికే జర నోరెక్కువ. అది గూడ ఈ నడుమ తగ్గింది, ఎందుకో ఏమో."

అమ్మ కిటికీ దగ్గర పళ్ళు కొరికింది. తర్వాత ఆయన మా ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నా సర్టిఫికెట్లు చూశాడు, ఇంటి కిరాయి చీటీ చూశాడు. చివరికి ఫైలు మీద నుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"కేసులు, గిట్ల ఏమన్న ఉన్నయా?"

అమ్మ నోరు తెరిచింది. బాపు అందుకున్నాడు.

"ఏం లేవు సారు. కూలి చేసుకొని బతికెటోళ్ళం."

సుదర్శన్ సారు రాసుకున్నాడు. అమ్మ లోపలికి పోయి చాయ్ తెచ్చింది. అందులో చక్కెర వేయడం మరచిపోయింది. ఆయన ఒక గుక్క తాగి, మా ముగ్గురి ముఖాలూ ఒకసారి చూసి, మిగతాది కూడా తాగేసి పోయాడు.

"అయిపోయింది. ఇగ ఆర్డరే" అని బాపు చేతులు దులుపుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది, చాలా రోజులకు. అమ్మ మాత్రం ఆ గ్లాసును తోమిన చోటే మూడుసార్లు తోమింది.

వారం తర్వాత నేను కాలేజీకి తయారవుతుంటే సుగుణమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"మీ అమ్మ నర్సంపేట బస్సెక్కింది. ఎవలన్న సచ్చిపోయిన్రా ఏంది?"

యార్డుకని టిఫిన్ డబ్బా పట్టుకుని పోయిన మనిషి నర్సంపేట బస్సెందుకెక్కింది? ఫోన్ చేస్తే ఇంట్లోనే మోగింది. ఆ రోజు కాలేజీకి పోలేదు. అమ్మ మధ్యాహ్నం దాటాక వచ్చింది. ముఖం ఎండకు కమిలిపోయింది. చెంబెడు నీళ్ళు తాగి, కొంగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టింది. అందులో నా బాండు జిరాక్స్ ఉంది. కింద గీత గీసిన నా సంతకంతో సహా.

"మండల ఆఫీసుకు పోయిన. పాత గుమాస్త లేడు, ఒక మేడం ఉన్నది. నా కేసు నా పేరు మీద రాయున్రి, నా బిడ్డ పేరు తియ్యున్రి అన్న. దర్ఖాస్తు పెట్టుమన్నది. బయట రాయించి పెట్టిన. ముద్రేసి ఇచ్చిన్రు సూడు."

చూశాను. అమ్మ దరఖాస్తు, దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ, నంబరు. తొమ్మిదేళ్లుగా దుమ్ము కింద పడుకున్న కాగితాన్ని మా అమ్మ స్వయంగా పోయి, తట్టి, లేపి, నంబరు వేయించుకుని వచ్చింది.

"మరి తీసిన్రా నా పేరు?"

"తియ్యరాదట. దస్కతు ఎవలదైతే కేసు వాళ్ళదే అన్నది మేడం."

కోపంతో నాకు ఒళ్ళు తెలియలేదు. ఆ రోజు అన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. "నిన్నెవరు పొమ్మన్నరే? అది అట్లనే పండుకొని ఉంటుండె గదా! నా నౌకరి నీ చేతులతోని నువ్వే పీకి పారేసినవ్. నీ గుడుంబ నన్నింక ఇడిసిపెట్టదా?" అన్నవి మాత్రం గుర్తున్నాయి. గుడుంబ మాట అన్నప్పుడు అమ్మ కనురెప్పలు వాలిపోవడం చూశాను. అయినా ఆగలేదు.

 నేను అలిసిపోయాక అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, నెమ్మదిగానే చెప్పింది.

"నేను కాసిన దినాలు ఎట్లుండెనో నీకు తెల్వదు బిడ్డా. బండి సప్పుడైతె పానం పోతుండె. కుక్క మొరిగితె పానం పోతుండె. అన్నం తినుకుంట గూడ చెవులు బజార్ల పెట్టుకొని తింటుంటి. నువ్వు నౌకరిల చేరినంక గూడ గట్లనే బతుకాల్నా? రోజు గా గేటు కాడ, ఎవడు ఎప్పుడు బయటికి తీస్తడో అనుకుంట పోవాల్నా?"

"ఎవ్వడు తియ్యకుండె అమ్మా. నువ్వు పోకపోతె ఎవ్వడు తియ్యకుండె."

"తియ్యకపోయినా పోతది పానం. నాకెరుక. సమ్మక్క పేరు మీద ఒక అబద్ధమాడితి, తొమ్మిదేండ్లకు నీ మీదికచ్చింది. ఇంకోటి ఆడుమంటవా?"

రెండు రోజులు నేను అమ్మతో మాట్లాడలేదు. బాపు మా ఇద్దరి నడుమా తిరుగుతూ, ఎవరికీ అక్కర్లేని నీళ్ళు ముంచి ఇచ్చేవాడు. మూడో రోజు కాలేజీలో ఒక పిల్ల నా వెనక నుంచి "మేడమ్" అని పిలిస్తే ఉలిక్కిపడి చేతిలోని బోర్డు జారవిడిచాను. ఆ పిల్లకు కావాల్సింది సోల్డరింగ్ తీగ. కింద పడ్డ బోర్డు ఏరుకున్నాను. ఉద్యోగంలో చేరకముందే ఇలా ఉంటే చేరాక ఎలా ఉంటుందో కొంత అర్థమైంది. సాయంత్రం రాంప్రసాద్ అన్న దగ్గరికి పోయాను.

పన్నెండో ప్రశ్నలో నేనిచ్చిన జవాబు తప్పు, ఫలానా సంవత్సరం ఫలానా ఆఫీసులో నా పేరు మీద బాండు ఉంది, సంతకం నాదే అని ఆయన చేతే టైపు చేయించాను. టైపు చేస్తున్నంతసేపూ ఆయన అడ్డంగా తల ఊపుతూనే ఉన్నాడు.

"పిచ్చి లేసిందా చెల్లె? కొట్టిన నౌకరిని ఎవలన్న గిట్ల కాలదంతరా?"

"నో కొట్టుమన్నది నువ్వే గదన్నా."

"నేను అందరికి అదే చెప్తా" అన్నాడు. కానీ జిరాక్సులకు పైసలు తీసుకోలేదు.

ఒకటి స్పీడ్ పోస్టులో సంస్థకు పంపి, రెండోది పట్టుకుని సుదర్శన్ సారు ఆఫీసుకు పోయాను. ఆయన టేబుల్ మీద నా పేరున్న ఫైలు పైనే ఉంది.

"మంచిగనే రాసిన పో, ఇయ్యాల సాయంత్రం పంపుతాన్న" అన్నాడు నన్ను చూడగానే. నేను కాగితం చేతికిచ్చాను. చదివాడు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చదివాడు.

"నేను గా చాయ్ తాగినప్పుడే అనుకున్న. అయినా ఎవ్వలకు తెల్వనిదాన్ని తెచ్చి నా టేబుల్ మీద పెట్టినవ్. ఎందుకమ్మా?"

"మా అమ్మ పెట్టింది సారు. నేను తెచ్చిన, అంతే."

ఆయన ఫైలు తాడు విప్పి, టైపు చేసిన రిపోర్టు బయటికి తీసి పక్కన పెట్టాడు. "అయితె మీ అమ్మ స్టేట్‌మెంట్ రాసుకోవాలె. రేపు పొద్దుగాల ఇంటికస్త. ఒక సాక్షి ఉండాలె, వాడకట్టోళ్ళే" అన్నాడు.

సాక్షిగా ఎవరున్నారు, ఎదురింటి సుగుణమ్మ తప్ప. మా ఊరి నుంచి వచ్చాక వాడలో ఎవరికీ తెలియకుండా దాచుకున్న సంగతిని, మా అమ్మ ఆమె ముందే కూర్చుని చెప్పింది. ఎప్పుడు మొదలుపెట్టింది, బెల్లం ఎక్కడ కొనేది, ఎవరికి పోసేది, సమ్మక్క పేరు మీద ఎలా ఒట్టేసింది. ఒక్కటి అడిగితే నాలుగు చెప్పింది. సుగుణమ్మ నోటి మీద చెయ్యి వేసుకుని వింటోంది. సుదర్శన్ సారు మోకాలి మీద ప్యాడు పెట్టుకుని రాసి, మొత్తం చదివి వినిపించాడు. సదరు గుడుంబ కాసింది నేనే, నా కూతురు స్రవంతికి అందులో ఏ సంబంధమూ లేదు, నాకు చదువు రాదు కాబట్టి ఆమె చేత సంతకం పెట్టించాను.

"సంతకం" అన్నాడు.

పదిహేనేళ్ల అలవాటు. నాకు తెలియకుండానే పెన్ను నా చేతిలోకి వచ్చేసింది. కాగితం వైపు వంగాను కూడా. అమ్మ నా మణికట్టు పట్టుకుని పక్కకు పెట్టింది.

"నీది గాదు ఇది. సారు, సిరా డబ్బ తెచ్చిన్రా?"

ఆయన జేబులోంచి తీశాడు. అమ్మ ఎడమ బొటనవేలు ముంచి కాగితం మీద వేసింది. గీత అన్నది లేకుండా నల్లటి మరక పడింది. సారు ఇంకోచోట వేయించాడు, మళ్ళీ మరకే. నేను లోపలికి పోయి సబ్బు తెచ్చాను. కడిగి, తుడిచి, కుడి వేలు వేసింది. అదీ అంతే. "మిర్చి పని సారు, రేషన్ మిషన్ల గూడ పడదు" అని బాపు తప్పు తనదైనట్టు చెప్పాడు. అమ్మ ఒప్పుకోలేదు. వేలు మార్చి మార్చి, నాలుక చివర పళ్ళతో నొక్కి పట్టుకుని, కాగితం అడుగు భాగమంతా నింపేసింది. ఎనిమిదో తొమ్మిదో ముద్రలు. ఎక్కడో ఒకదానికి అంచున రెండు గీతలు కనబడ్డాయి.

"పడ్డది! సూడున్రి సారు, నాదే" అంది అమ్మ.

ఆయన ఆ రెండు గీతల చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, పక్కన ఏదో రాశాడు. సుగుణమ్మ సాక్షి సంతకం పెట్టి ఇంటికి పోయింది. ఆ రోజంతా అమ్మ వేళ్ళకు సిరా పోలేదు.

మర్నాడు కుళాయి దగ్గర కేకలు వినబడి నేను పరుగెత్తాను. బిందె ఎవరిది ముందు అని ఇద్దరూ జుట్లు పట్టుకోవడమే తక్కువ. సుగుణమ్మ నోటికొచ్చినవన్నీ తిట్టింది. గుడుంబ మాట మాత్రం ఎత్తలేదు. నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది.

మే అయింది, జూన్ అయింది. సంస్థ నుంచి సంజాయిషీ అడుగుతూ ఒక ఉత్తరం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. తర్వాత చప్పుడు లేదు. ఉద్యోగం పోయినట్టేనని ఒక రోజు, రాకేం పోతుందని ఒక రోజు. వానలు పడి మిర్చి యార్డు ఖాళీ అయ్యాక కూడా అమ్మ పొద్దున్నే లేచి ఎటు పోవాలో తెలియక వాకిట్లో నిలబడేది. నేను మెయిల్ చూడటం రోజుకు రెండుసార్లకు తగ్గించుకున్నాను, ఆ రెండింటి మధ్యా గడియారం చూసుకుంటూ. అమ్మతో మామూలుగానే మాట్లాడుతున్నాను. గుడుంబ అని అన్నందుకు తప్పయిందని మాత్రం చెప్పలేకపోయాను. ఒకసారి అన్నం వడ్డిస్తూ మొదలుపెడితే, "కూర సల్లారుతాంది తిను" అంది.

జూలై ఆఖరులో మెయిల్ వచ్చింది. బాండు గడువు ఎప్పుడో ముగిసింది, అభ్యర్థి తానుగా తెలియజేసింది, నియామకానికి అభ్యంతరం లేదు. ఇంగ్లీషులో మూడే వాక్యాలు. వాటిని తెలుగులో ఒకటికి రెండుసార్లు చెప్పాను. బాపు తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. అమ్మ లేచి, వచ్చే మేడారం జాతరకు నా ఎత్తు బంగారం ఇస్తానని తల్లికి మొక్కి, "ఈపారి ఒట్టి బెల్లమేనే తల్లీ, ఒట్టు" అని చెంపలు వేసుకుంది.

ఆగస్టులో చేరాను. మొదటి రోజు గేటు దగ్గర వరుసలో నిలబెట్టి వేలిముద్రలు తీసుకున్నారు. రోజూ లోపలికి పోవాలంటే ఆ మిషన్ మీద వేలు పెట్టాలట. నా వంతు వచ్చింది. అమ్మకు ఎన్నిసార్లు వేస్తే పడిందో గుర్తొచ్చి, బొటనవేలు పెట్టి బలమంతా పెట్టి నొక్కాను.

"మెల్లగా మేడమ్, పడింది" అన్నాడు గేటు దగ్గరి మనిషి.

పచ్చ లైటు వెలిగి ఉంది. మొదటిసారికే. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మిరపకాయ కూడా ముట్టుకోనివ్వలేదు మా అమ్మ.